లుక్లాలో మబ్బు కింద నుంచి వస్తుంది

రాత్రి ఒంటిగంటకు కాఠ్మాండూలో జీపెక్కితే రామేఛాప్ చేరేసరికి తెల్లారింది. లుక్లా అంటే నేపాల్‌లో ఎవరెస్టు దారిలోని కొండ మీది ఊరు. ట్రెక్కింగ్ సీజన్‌లో అక్కడికి విమానాలు ఎక్కువగా ఇక్కణ్ణుంచే. గాల్లో ఉండేది 20 నిమిషాలు, దానికి అంత టికెట్టు, పైన జీపు కిరాయి. ఈ ధరలు నాకు అన్యాయంగానే అనిపించాయి. సామాను చేతిసంచీతో కలిపి 15 కిలోలే.

ట్విన్ ఆటర్ అనే ఈ చిన్న రెండింజన్ల విమానంలో ముందు సీటు దొరికితే వదులుకోకండి. కాక్‌పిట్ మొత్తం కళ్లముందే ఉంటుంది. ఇంజన్ల పవర్ లీవర్లు ఈ విమానంలో పైకప్పు దగ్గర ఉంటాయి. కెప్టెన్ కుడిచెయ్యి పైకెత్తి వాటిని పట్టుకునే నడుపుతారు. చెవుల్లో పెట్టుకోవడానికి దూది, చప్పరించడానికి చాక్లెట్ ఇచ్చారు.

లాంజురా కనుమ దాటేదాకా ఆకాశం శుభ్రంగా ఉంది. దూధ్‌కోశి లోయలోకి వచ్చాక ఎదురుగా కొండ మీద లుక్లా ఇళ్ల కప్పులు, రన్‌వే పై సగం స్పష్టంగా కనిపించాయి. కింది అంచు మాత్రం లేదు. దాని మీద తెల్లటి మబ్బు కూర్చుంది. కెప్టెన్ విమానాన్ని వెంటనే వెనక్కి తిప్పేశారు. "రన్‌వే కనిపిస్తూనే ఉందిగా, దించేయొచ్చుగా" అని వెనక సీట్లలో విసుక్కున్నారు.

దించకూడదు. శంషాబాద్‌లో పొగమంచు ఉంటే ఐఎల్ఎస్ సిగ్నల్ (రన్‌వే దారి చూపే రేడియో సంకేతం) పట్టుకుని రన్‌వే దగ్గరికి రావచ్చు. లుక్లాలో అలాంటిదేదీ లేదు, కన్నే ఆధారం. శంషాబాద్ పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. లుక్లాది 527. అందులో ఎనిమిదో వంతు! పైగా 11.7 శాతం ఏటవాలు. కింది అంచుకూ పై చివరకూ సుమారు 60 మీటర్ల ఎత్తు తేడా. ఎప్పుడూ ఎగువకే దిగాలి, దిగువకే ఎగరాలి. పై చివర గోడ, దాని వెనక కొండ. దగ్గరికొచ్చాక మళ్లీ పైకి లేచిపోదామంటే దారి లేదు. అందుకే దిగాలా వద్దా అన్నది లోయలో ఉండగానే, తిరగడానికి చోటున్నప్పుడే తేల్చుకోవాలి. లోయకు ఒక పక్కగా ఎగిరేదీ ఇందుకే. అప్పుడే మిగతా వెడల్పంతా మలుపుకు మిగులుతుంది. 9,334 అడుగుల ఎత్తులో గాలి పలచన. వేగం మీటరు 75 నాట్లు (విమానాల వేగానికి కొలత) చూపిస్తే అసలు వేగం 90కి దగ్గర. దానివల్ల మలుపుకు కావలసిన చోటు కింది ఊళ్లలోకంటే మూడో వంతు పైగా పెరుగుతుంది.

అసలు ప్రమాదం కంటిదే. ఎగువకు లేచిన రన్‌వేను ఎదురుగా చూస్తే మనం బాగా ఎత్తులో ఉన్నామనిపిస్తుంది. ఆ భ్రమలో పవర్ తగ్గిస్తే నిజంగానే కిందికి జారిపోతాం. కిందికి జారుతున్నామని చెప్పే గుర్తు రన్‌వే కింది అంచొక్కటే. మబ్బు కప్పేది సరిగ్గా దాన్నే. 2008 అక్టోబరులోనూ 2017 మేలోనూ ఇక్కడ విమానాలు రన్‌వేకు ఇవతలే కూలింది ఇలాంటి మబ్బులోనే.

ఎండకు కొండవాలు వేడెక్కితే లోయలోని తేమగాలి పైకి పాకి, చల్లబడి మబ్బవుతుంది. మన కొండల మీద మబ్బు పైనుంచి దిగినట్టు అనిపిస్తుంది, ఇక్కడ కాళ్ల కింద నుంచి లేస్తుంది. పొద్దెక్కేకొద్దీ లోయగాలి కూడా బలపడి, దిగే విమానాన్ని వెనకనుంచి తోస్తుంది. అందుకే పొద్దున్నే మొదటి విమానాలకే టికెట్ తీసుకోండి. వెనుదిరిగితే ఆగడానికి రెండు రోజులు అదనంగా పెట్టుకోండి.

మర్నాడు మొదటి విమానంలో మళ్లీ వెళ్లాం. ఈసారి కింది అంచు, దాని మీద రన్‌వే నంబరైన తెల్లటి 06 అంకె చాలా దూరం నుంచే కనిపించాయి. కెప్టెన్ చెయ్యి లీవర్ల మీద అంగుళం ముందుకు, అంగుళం వెనక్కి కదులుతూనే ఉంది, చూపు మాత్రం ఆ అంకె మీద నుంచి కదల్లేదు. చక్రాలు తాకగానే వాలే సగం బ్రేకు వేసింది. విమానం పక్కకు తిరిగి ఆగింది. ఒక ఇంజన్ తిరుగుతుండగానే మా మూటలు దించి, కిందికి వెళ్లేవాళ్లను ఎక్కించేశారు. అప్పటికే ఏటి దగ్గర చిన్న మబ్బుతునక పుట్టి, గట్టు మీదికి పాకుతోంది.