పది ఫెయిలైతేనే సీటు

లేహ్‌లో దిగిన మొదటి రెండు రోజులూ హోటల్ గది దాటలేదు. పదకొండు వేల అడుగుల పైమాటే ఆ ఊరు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే తలనొప్పి. హోటల్ పెద్దాయన పూటపూటా వెల్లుల్లి సూప్ తాగించి నన్ను మళ్లీ మనిషిని చేశాడు. మూడో రోజు టాక్సీ మాట్లాడుకుని ఫే అనే ఊరికి బయల్దేరాను. అది 2018 నవంబరు.

"సినిమా స్కూలేనా సార్?" అన్నాడు డ్రైవర్. కాదు. '3 ఇడియట్స్' సినిమా తీసిన ఆ బడి షే ఊళ్లో ఉంది, లేహ్‌కి ఇంకో దిక్కున. ఒక్క అక్షరం తేడాతో ఎంతమంది టూరిస్టులు దారి తప్పి ఉంటారో! నేను వెళ్తున్నది సెక్మాల్‌కి, పది తప్పిన పిల్లల కోసం నడిచే బడికి. లేహ్ నుంచి 18 కిలోమీటర్లు. సింధు నది పక్కన, పచ్చదనమన్నది లేని ఇసుకరంగు కొండల మధ్య ఉంటుంది.

లోపలికి వెళ్లాక నేను చేసిన మొదటి పని స్వెట్టర్ విప్పడం. బయట చెవులు తెగిపోయే చలి. హాల్లో చూస్తే హీటర్ లేదు, పొయ్యీ లేదు. దక్షిణం వైపంతా అద్దాలు. చలికాలంలో వాటి ముందు ప్లాస్టిక్ షీట్లు కట్టి ఎండ వేడిని లోపలే పట్టి ఉంచుతారు. గోడలేమో మట్టిని దిమ్మిసతో కుదించి కట్టినవి, మూరెడు మందం. పగలంతా ఎండ తాగి రాత్రి ఆ వేడిని వదులుతాయి. అనంతపురం దగ్గర మా అమ్మమ్మ వాళ్ల మట్టిమిద్దె ఎండాకాలం చల్లగా ఉండేది. అదే మట్టి చలినీ ఆపుతుందని నాకెప్పుడూ తట్టలేదు. 2016లో మట్టి కట్టడాలకిచ్చే అంతర్జాతీయ అవార్డు ఫ్రాన్స్‌లో ఈ భవనానికి దక్కింది.

ఇదంతా ట్యూషన్లతో మొదలైందంటే నమ్మబుద్ధి కాదు. 1988లో కాలేజీలు ముగించుకొచ్చిన కొందరు లడాఖీ కుర్రాళ్లు కలిసి పెట్టిన సంఘం ఇది. ఇంజనీరింగ్ చదివొచ్చిన సోనమ్ వాంగ్‌చుక్ అందులో ఒకరు. అప్పట్లో అక్కడి సర్కారు బడుల్లో పదో తరగతి రాస్తే నూటికి 95 మంది ఫెయిల్. చెప్పగా చెప్పగా వీళ్లకు అర్థమైంది, తప్పు పిల్లలది కాదని. ఇంట్లో లడాఖీ, బడిలో ఎనిమిది దాకా ఉర్దూ, తొమ్మిదికి రాగానే ఇంగ్లీషు. పాఠాల్లో ఓడలు, కొబ్బరిచెట్లు. సముద్రం మొహమే చూడని, వాన కూడా సరిగ్గా పడని చోట! 1994లో ప్రభుత్వాన్నీ ఊరి జనాన్నీ కలుపుకుని 'ఆపరేషన్ న్యూ హోప్' మొదలుపెట్టారు. ఊరూరా విద్యా కమిటీలు, టీచర్లకు శిక్షణ, లడాఖ్ సంగతులతో పుస్తకాలు. కొన్నేళ్లకు పాసయ్యేవాళ్లు సగం దాటారు. అయినా మిగిలిపోయిన వాళ్ల కోసం ఈ క్యాంపస్.

నాకు చుట్టూ తిప్పి చూపించిన అమ్మాయికి పదిహేడేళ్లుంటాయి. నన్ను "ఆచో-లే" అని పిలిచింది. ఆచో అంటే అన్న, లే అంటే మన 'గారు' లాంటిది. ఆ రెండు నెలలూ ఆవుల బాధ్యత తనది. ఇక్కడ పిల్లలే తమ నాయకుణ్ని ఎన్నుకుంటారు, సోలార్ ప్యానెళ్ల నుంచి వంటింటి దాకా పనులు పంచుకుంటారు, రెండు నెలలకోసారి మార్చుకుంటారు. వాంగ్‌చుక్‌కి మెగసెసే అవార్డు వచ్చింది ఆ ఏడాదే. నేనున్నంతసేపూ ఆ ముచ్చట ఎవరూ ఎత్తలేదు. ఆ అమ్మాయికైతే మేత చాలదేమోనన్న టెన్షన్ తప్ప ఇంకోటి లేదు. నాకు అదే నచ్చింది.

సాయంత్రం వచ్చినవాళ్లందరినీ పిల్లల మధ్య కూర్చోబెట్టి ఇంగ్లీషులో మాట్లాడిస్తారు. మా ఊళ్లో వాన కోసం ఎదురుచూపుల గురించి చెప్పాను. వెంటనే ఒక అబ్బాయి నోట్‌బుక్ తిప్పి మంచు స్తూపం బొమ్మ గీశాడు. ఎగువ నుంచి పైపు వేస్తే మోటారు లేకుండానే నీళ్లు చివర్లో పైకి చిమ్ముతాయి. నడిచలికాలంలో ఆ తుంపరలు గడ్డకట్టి శంకువులా పేరుకుంటాయి. ఎండ తగిలే పైభాగం తక్కువ కాబట్టి మెల్లగా కరుగుతుంది, విత్తనాల వేళకు నీరందుతుంది. 2013-14 చలికాలంలో చేసిన మొదటిది మే దాకా నిలిచిందట. "మీ ఊళ్లో చలి ఎంత?" అని అడిగాడు. చెప్పాను. జాలిగా చూసి నోట్‌బుక్ మూసేశాడు.

ఆవుల అమ్మాయి మాత్రం వదల్లేదు. "మీరు ఏ సబ్జెక్టులో పోయారు?"

నేను పోలేదు, మా తమ్ముడు పోయాడు, లెక్కల్లో. రిజల్ట్ రోజు ఇంటికి రాకుండా రాత్రంతా బస్టాండులో కూర్చున్నాడు. మరుసటి ఏడు సప్లిమెంటరీలో గట్టెక్కే దాకా పెళ్లిళ్లకు కూడా రాలేదు. ఆ మాట చెబితే అక్కడెవరూ అయ్యో అనలేదు. "అయితే ఆయనకిక్కడ సీటు వచ్చేది" అంది.

లేహ్ చేరాక వాడికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"ముప్పై మూడేళ్లవాళ్లని తీసుకుంటారేమో కనుక్కోరా" అన్నాడు.