గోడల మధ్య మిగిలిన ఊరు: అథెన్రై

ఐర్లండ్ పడమటి తీరాన ఉన్న గాల్వే నగరంలో ఎక్కిన రైలు ఇరవై నిమిషాలైనా గడవకముందే నన్ను అథెన్రైలో దింపింది. ఐరిష్ భాషలో ఈ ఊరి పేరుకు ‘రాజు రేవు పట్టణం’ అని అర్థం. ఇక్కడ రేవంటే ఓడలు ఆగే చోటు కాదు, క్లారిన్ అనే చిన్న నదిని కాలినడకన దాటే చోటు. ఆ నది పక్కనే 13వ శతాబ్దంలో నార్మన్ ప్రభువు మీలర్ డి బెర్మింగ్‌హామ్ కోట కట్టించగా, దాని అండన ఊరూ అంగడీ పెరిగాయి.

నేను ముందుగా చూడాలనుకున్నది అంగడి కూడలిలోని రాతి శిలువను. 15వ శతాబ్దం చివర నిలబెట్టిన ఈ శిలువ నేటికీ అదే కూడలిలో ఉంది. పొడవైన స్తంభం ఏనాడో పోయింది. మెట్ల దిమ్మె మీద పైభాగం మాత్రమే, చిన్న గూడులాగా, మిగిలింది. ఒక వైపు శిలువ వేసిన క్రీస్తు, మరో వైపు బిడ్డతో మరియమ్మ. వానలకు ముఖాలు అరిగిపోయినా బిడ్డను ఎత్తుకున్న తీరు మాత్రం తెలుస్తూనే ఉంది. దేవుడి ఎదుట కుదిరిన బేరంలో మాట తప్పరని నమ్మిన కాలం అది. మన సంతల్లో అమ్మవారి గుడి దగ్గరే బేరాలు సాగడం గుర్తొచ్చింది.

కోటలోకి వెళ్ళే ద్వారం నేల మీద కాక మొదటి అంతస్తులో ఉంది. శత్రువులకు భయపడి అంత ఎత్తున పెట్టిన ఆ వాకిలి చుట్టూనే శిల్పి ఆకులనూ పువ్వులనూ శ్రద్ధగా చెక్కడం నాకు వింతగా తోచింది. 1241లో స్థాపించిన, డొమినికన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం కప్పులేని శిథిలంగా మిగిలింది. అక్కడ గాలికి గొడుగు తిరగబడడంతో ఎక్కువసేపు నిలవలేకపోయాను.

తడుస్తూనే ప్రాకారం వెంట నడిచాను. 1316లో ఊరి బయట జరిగిన యుద్ధంలో ఐర్లండ్ పడమటి ప్రాంతమైన కన్నాఖ్ట్ రాజు ఫెలిమ్ ఓ కానర్ మరణించాడు. హతుల కవచాలు అమ్మిన సొమ్ముతో ఈ గోడ కట్టారని ఒక కథ చెబుతారు. అయితే గోడ ఊరిని శాశ్వతంగా కాపాడలేదు. 1597లో ఐరిష్ నాయకుడు హ్యూ రో ఓ డానెల్ సేన కొల్లగొట్టి తగలబెట్టాక అథెన్రై మునుపటిలా కోలుకోలేదు. బాగా పెరిగిన ఊళ్ళు రోడ్లకోసం, ఇళ్ళకోసం తమ గోడలను పడగొట్టుకోగా, ఆ అవసరం రాని ఈ ఊరిలో ప్రాకారం చాలావరకు నిలిచింది. దాని లోపలే కొంత మేర పచ్చిక మైదానంగా ఉండిపోయింది.

చివరిగా ఉత్తర ద్వారం దగ్గర ఆగాను. బళ్ళు రావడానికి కట్టిన ఆ కమాను కింద ఒకసారికి ఒక్క కారే పడుతుంది. అవతలి కారు దాటేదాకా గోడకు ఆనుకుని నిలబడి, ఆ తర్వాత స్టేషన్ దారి పట్టాను.