డేవిడ్ విల్లా: ఎడమకాలికి తండ్రి నేర్పిన ఆట

2010లో స్పెయిన్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్ గెలిచిన తీరు గురించి ఎక్కడ మాట వచ్చినా షావి, ఇనియెస్తాల పాస్‌ల గురించి, ఫైనల్లో ఇనియెస్తా కొట్టిన గోల్ గురించి చెప్పుకుంటారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ జట్టు ఏడు మ్యాచ్‌లు ఆడి మొత్తం 8 గోల్స్ మాత్రమే చేసిందనీ, వాటిలో 5 డేవిడ్ విల్లావేననీ చాలామందికి గుర్తుండదు. బంతిని ఎంతసేపు తమ దగ్గర ఉంచుకున్నా దాన్ని వలలోకి పంపేవాడు లేకపోతే ఆ అందమంతా వృథా అన్నది నా గట్టి నమ్మకం. అందుకే ఈ స్ట్రైకర్ గురించి వివరంగా రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

ఉత్తర స్పెయిన్‌లో బొగ్గు గనులకు పేరుపడిన అస్తూరియాస్ ప్రాంతంలో, లాంగ్రియో దగ్గరి తుయ్యా అనే చిన్న ఊరివాడు విల్లా. 1981 డిసెంబరు 3న పుట్టాడు. తండ్రి గని కార్మికుడు. విల్లాను అభిమానులు 'ఎల్ గ్వాహే' అని పిలుస్తారు; అక్కడి వాడుకలో ఆ మాటకు కుర్రాడు అని అర్థం, గనిలో పెద్ద పనివాడి వెంట ఉండే సహాయకుణ్ని కూడా అలాగే పిలిచేవారు. నాలుగేళ్ల వయసులో అతని కుడి తొడ ఎముక విరిగింది. ఆ కాలు కట్టులో ఉన్నన్నాళ్లూ తండ్రి ఎదురుగా నిలబడి ఎడమకాలికి బంతి వేస్తూ, మళ్లీ మళ్లీ తన్నించేవాడు. గనిలో ఒళ్లు హూనం చేసుకుని ఇంటికొచ్చే మనిషి, కదల్లేని కొడుకు ముందు బంతి పట్టుకుని నిలబడటం తలచుకున్నప్పుడల్లా నాకు గుండె తడి అవుతుంది.

ఆ సాధన ఏం చేసిందో దక్షిణాఫ్రికాలో జరిగిన ఆ 2010 ప్రపంచ కప్‌లోని రెండు మ్యాచ్‌లు చూస్తే తెలుస్తుంది. హోండురాస్ మీద ఎడమ అంచు నుంచి లోపలికి దూసుకొచ్చి, డిఫెండర్ల మధ్య నుంచి సందు చేసుకుని, పడిపోతూనే కుడికాలితో పైమూలకు కొట్టాడు. ఆ తర్వాతి మ్యాచ్‌లో చిలీ గోల్‌కీపర్ బ్రావో, స్పెయిన్ ఫార్వర్డ్ టోరెస్‌ను ఆపడానికి పెనాల్టీ బాక్స్ వదిలి ముందుకొచ్చి బంతిని నెట్టగా, అది ఎడమ అంచున ఉన్న విల్లా వైపు దొర్లింది. ఆగలేదు, బంతిని ఆపనూ లేదు. ఎంతో దూరం నుంచి ఎడమకాలితో ఒకే తాపు, ఖాళీ వలలోకి. కుడికాలివాటం ఆటగాళ్లలో ఎక్కువమంది అక్కడ బంతిని కుడికాలి మీదికి మార్చుకునేవారే, ఆలోగా గోల్‌కీపర్ వెనక్కి చేరుకునేవాడు.

క్వార్టర్ ఫైనల్ మన కాలమానం ప్రకారం అర్ధరాత్రి మొదలైంది. ఇంట్లో అందరూ నిద్రపోతుంటే టీవీ శబ్దం తగ్గించి చూశాను. పరాగ్వే పెనాల్టీని స్పెయిన్ గోల్‌కీపర్ కసియాస్ ఆపాడు. వెంటనే స్పెయిన్‌కు దొరికిన పెనాల్టీని షాబి అలోన్సో గోల్ చేస్తే రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు, ఈసారి దాన్ని గోల్‌కీపర్ ఆపేశాడు. 83వ నిమిషంలో పెద్రో కొట్టిన బంతి గోల్‌పోస్టుకు తగిలి విల్లా ముందుకొచ్చింది. అతను కొట్టినది ఒక పోస్టుకు తగిలి, గీత వెంట అడ్డంగా వెళ్లి, రెండో పోస్టుకు తగిలి లోపలికి పోయింది. ఆ ఒకటి రెండు క్షణాలు ఊపిరి బిగపట్టి కూర్చున్నాను.

క్లబ్బుల సంగతి క్లుప్తంగా చెబుతాను. స్పోర్టింగ్ హిహోన్ ఆర్థిక ఇబ్బందుల్లో పడి 2003లో అతన్ని సరగోసాకు అమ్మింది. 2005లో వలెన్సియా చేరి అక్కడ ఐదేళ్లు గోల్స్ కురిపించాడు, 2008-09 లీగ్ సీజన్‌లో ఏకంగా 28. 2010లో 4 కోట్ల యూరోలకు బార్సిలోనా తీసుకుంది. మరుసటి ఏడాది వెంబ్లీలో మాంచెస్టర్ యునైటెడ్ మీద జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మూడో గోల్ అతనిదే.

కాలే అతన్ని మళ్లీ ఆపింది. 2008 యూరో కప్‌లో 4 గోల్స్‌తో అందరికంటే ముందున్నా, సెమీఫైనల్లో గాయపడి ఫైనల్ ఆడలేకపోయాడు. 2011 డిసెంబరులో యోకోహామాలో జరిగిన క్లబ్ ప్రపంచ కప్‌లో ఎడమ మోకాలి కింది ఎముక విరిగి 2012 యూరో మొత్తానికే దూరమయ్యాడు. స్పెయిన్ గెలిచిన ఆ రెండు యూరో ఫైనల్స్‌లోనూ, ఆ దేశం తరఫున అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడు మైదానంలో లేడు. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కోలుకుని 2014లో అట్లెటికో మాడ్రిడ్‌తో లీగ్ గెలిచాడు. అదే ఏడాది బ్రెజిల్ ప్రపంచ కప్‌లో స్పెయిన్ అప్పటికే ఇంటిదారి పట్టగా, ఆస్ట్రేలియాతో చివరి మ్యాచ్‌లో మడమతో వెనక్కి తన్ని గోల్ చేశాడు. రెండో సగంలో అతన్ని బయటికి పిలిచినప్పుడు బెంచీ మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. దేశం తరఫున ఆట అక్కడితో ముగిసిందనే నేనూ అనుకున్నాను. కానీ న్యూయార్క్ సిటీ జట్టుకు ఆడుతూ 2016లో అమెరికా లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు, 2017 సెప్టెంబరులో 35 ఏళ్ల వయసులో స్పెయిన్ మళ్లీ పిలిచింది. మాడ్రిడ్‌లోని బెర్నబేవు స్టేడియంలో ఇటలీ మీద చివరి నిమిషాల్లో అతను మైదానంలోకి అడుగుపెడుతుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అది అతని 98వ మ్యాచ్. గోల్స్ మాత్రం 59 దగ్గరే ఆగాయి.