తాబేలు వచ్చాక మా చేపల తొట్టి

మా వీధిలో అద్దెకుండే బ్యాంకు ఉద్యోగికి నెల్లూరు బదిలీ అయినప్పుడు ఆయన తాబేలు మా ఇంటికి వచ్చింది. "మాస్టారూ, మీకు చేపలు ఎలాగూ ఉన్నాయి. దీన్నీ ఆ తొట్టిలోనే వేసుకోండి, దాని మానాన అది ఉంటుంది" అన్నారు. శ్రీకాకుళంలో చాలా ఏళ్లుగా నేను గోల్డ్‌ఫిష్‌లు, గప్పీలు పెంచుతున్నాను. అయినా దాన్ని వెంటనే తొట్టిలో వేయలేదు. ముందు ప్లాస్టిక్ టబ్బులో ఉంచి, అది ఏ జాతిదో చూసుకున్నాను.

కంటి వెనుక ఎర్రటి చార, ఆకుపచ్చ డిప్ప మీద పసుపు గీతలు. దుకాణాల్లో రెడ్ ఇయర్డ్ స్లయిడర్ అని అమ్మే ఎర్రచెవి తాబేలు. దీని పుట్టినిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. జాతిని గుర్తుపట్టడం ఎందుకు ముఖ్యమంటే, మన చెరువుల్లో కనిపించే తాబేలును గానీ, నక్షత్ర తాబేలును గానీ పట్టి తెచ్చి పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇది అలాంటిదే అయితే నేరుగా అటవీశాఖకు అప్పగించేవాణ్ణి.

చేపల్ని తినేస్తుందేమోనని మా పిల్లల భయం. నాకు అంతకన్నా నీళ్ల గురించే దిగులు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. నీళ్లు పాడైతే తల బయటపెట్టి శ్వాస తీసుకుంటుంది. చేపకు ఆ వీలు లేదు, ఆ నీళ్లే దాని మొప్పల్లోంచి పోవాలి. పైగా తాబేలు తినేదీ, విసర్జించేదీ నా చేపలన్నీ కలిసినా మించిపోతుంది. ఆ వ్యర్థం నుంచి అమ్మోనియా పుడుతుంది. ఫిల్టర్‌లో స్థిరపడిన బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం, మూడోది నీళ్లు మారుస్తూ ఉంటే అదుపులో ఉంటుంది. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్లలో క్షారగుణం ఎక్కువైనా, వేడి పెరిగినా అమ్మోనియా మరింత ప్రమాదకరమవుతుంది. మా బోరు నీళ్లకు ఆ క్షారగుణం ఉంది, మే నెల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు.

అందుకే దానికి వేరే తొట్టి కట్టించాను. డిప్ప అంగుళానికి సుమారు 40 లీటర్ల నీళ్లు అనేది పెంచేవాళ్లు పాటించే లెక్క. నాలుగంగుళాల తాబేలుకు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి పెట్టాను. నిండా పోస్తే 250 లీటర్లు. ఫిల్టర్ మాత్రం దానికి రెండు మూడు రెట్ల నీటికి సరిపోయేది తీసుకున్నాను. ఖర్చులో సగం అక్కడే అయింది, అయినా అది దండగ ఖర్చు కాదు. పాత తొట్టిలోని స్పాంజిని కొత్త ఫిల్టర్ నీళ్లలో పిండి, కొంత ముక్క అందులోనే పెట్టాను. దానితో బాక్టీరియా తొందరగా అందుకుంది. గులకరాళ్లు వేయలేదు, తాబేలు మింగితే పేగుల్లో అడ్డుపడతాయి.

ఇటుకల మీద కడప రాయి ముక్క పెట్టి, ఎండ కాచుకోవడానికి అరుగులా చేశాను. దాని మీద 30 నుంచి 32 డిగ్రీల వేడినిచ్చే బల్బు, పక్కనే యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ఇచ్చే లైటు. కిటికీ దగ్గర పెడితే సరిపోదా అని చాలామంది అడిగారు. కిటికీ అద్దం యూవీబీని ఆపేస్తుంది. అది ఒంటికి తగలకపోతే విటమిన్ డి3 తయారు కాదు, కాల్షియం ఒంటపట్టదు, డిప్ప మెత్తబడిపోతుంది. ఆ లైటు వెలుగుతున్నా లోపలి శక్తి క్రమంగా తగ్గిపోతుంది. అందుకని కొన్న తేదీని హోల్డర్ మీద మార్కరుతో రాసి, ఏడాదిలోపే మారుస్తున్నాను.

ఇక ఈ కొత్త తొట్టిలో తాబేలుతో పాటు వేసే చేపలు. గోల్డ్‌ఫిష్‌లను ఇటు రానివ్వలేదు. అవి నెమ్మదిగా ఈదుతాయి, పైగా వాటి ఒంట్లో ఉండే థయామినేజ్ అనే ఎంజైమ్ విటమిన్ బి1ను చెడగొడుతుంది. తరచూ తింటే తాబేలుకే చేటు. అడుగున కదలకుండా పడుకునే సకర్ చేపా వద్దనుకున్నాను, దాని రెక్కల ముళ్లు తాబేలు గొంతులో దిగితే కష్టం. చురుకైన జీబ్రా డానియోలు, తొందరగా పిల్లలు పెట్టే గప్పీలు ఎంచుకున్నాను.

"కడుపు నిండితే చేప జోలికి పోదు" అని దుకాణదారు చెప్పాడు. నేను చూసింది వేరు. మేత తిన్న కాసేపటికే అది మొద్దు చాటుకు చేరి, మెడ లోపలికి లాక్కుని రాయిలా ఉండిపోయేది. గప్పీ దగ్గరికి రాగానే మెడ ఒక్కసారి బాణంలా వచ్చేది. పొడవు తోకల మగ గప్పీలే ఎక్కువగా దొరికాయి. జీబ్రాలు దాదాపు అన్నీ తప్పించుకున్నాయి. తేలే మొక్కల వేళ్లలో గప్పీ పిల్లలు దాక్కుని బతికాయి.

ఒక ఉదయం జీబ్రాలన్నీ ఫిల్టర్ నీళ్లు పడేచోట గుంపుగా చేరి, నోళ్లు పైకెత్తి గాలికి తపిస్తున్నాయి. తాబేలేమో రాయి మీద వెనక కాళ్లు బారచాపి హాయిగా వేడి కాచుకుంటోంది. దాన్ని మాత్రమే చూస్తే తొట్టి బ్రహ్మాండంగా ఉందనుకుంటాం. అమ్మోనియా పరీక్ష మందు వేస్తే గొట్టంలో నీళ్లు ఆకుపచ్చకు తిరిగాయి, అంటే అమ్మోనియా చేరిందన్నమాట. ఫిల్టర్ గొట్టంలో ఆకు ఇరుక్కుని ధార తగ్గిపోయింది. గొట్టం తీసి కడిగి, క్లోరిన్ పోగొట్టే మందు కలిపిన నీళ్లతో మూడోవంతు మార్చాక చేపలు తేరుకున్నాయి. అప్పటి నుంచి తాబేలుకు మేత వేరే టబ్బులో పెడుతున్నాను. నీళ్లు చాలా తేటపడ్డాయి.

మా అమ్మ మాత్రం "శ్రీకూర్మంలో కూర్మనాథుడి దగ్గర వదిలేసి రారా, పుణ్యం" అనేది. అక్కడ గుడిలో ఉండేవి నక్షత్ర తాబేళ్లు, మెట్ట మీద బతికేవి. ఇది నీటిది, పరాయిది. ఆ గుడి కోనేరు శ్వేత పుష్కరిణిలో గానీ, నాగావళిలో గానీ వదిలితే ఇక్కడి తాబేళ్ల తిండికీ, ఎండ కాచుకునే చోటుకూ పోటీకి వస్తుంది. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 చొరబాటు జాతుల జాబితాలో దీని పేరుంది. ముప్ఫై ఏళ్లు బతకగల ప్రాణి. ఇంట్లోకి తెచ్చుకున్నాక మనమే చూసుకోవాలి. ఇదంతా అమ్మకు ఓపిగ్గా చెప్పాను, ఒప్పుకుంది.

ఆడదైతే డిప్ప పది, పన్నెండు అంగుళాలవరకు పెరుగుతుంది. మాది ఆడదే, ముందు కాళ్ల గోళ్లు పొట్టివి. అందుకని పెరట్లో సిమెంటు తొట్టి కట్టించి అందులోకి మార్చాను. ఎండ నేరుగా పడుతుంది, సగం తొట్టికి నీడ పరిచాను, పిల్లులూ కాకులూ రాకుండా ఇనుప వల కప్పాను. గప్పీలు అందులోనే పెరుగుతూ దోమ పిల్లల్ని తినేస్తున్నాయి. జీబ్రాలను గోల్డ్‌ఫిష్‌ల దగ్గరకు తెచ్చేశాను. తాబేలు ఒంటిమీద మనకు కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు కనుక దాని బకెట్టు, వల విడిగా పెట్టాం. వాటిని వంటింటి సింకులో కడగం, పిల్లలు దాన్ని ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే లోపలికి రావాలి.