బిరడా తిప్పి చేయి తీసేయడం

చిన్నప్పుడు నాకు వీణ నేర్పిన గురువుగారు మొదటి కొన్ని నెలలు శ్రుతి చేసే పని మాకు అప్పగించేవారు కాదు. ఒకరోజు ఆవిడ లోపలికి వెళ్ళినప్పుడు ఉత్సాహం కొద్దీ తీగను బిగించే బిరడా తిప్పుతూ పోయి, మొదటి తీగైన సారణిని తెంపేశాను. చాలా ఏళ్ళ తర్వాత పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరంలో కూర్చున్నప్పుడు నేను చేసిందీ అదే పని.

అక్కడ మొదటి మూడున్నర రోజులు ఆనాపానమే సాధన. ముక్కు దగ్గర వచ్చిపోయే శ్వాసను, అది ఎలా ఉంటే అలా, మార్చకుండా గమనించాలి. ఇంత తేలికైన సూచనను నేను పరీక్షకు చదివినట్టు పట్టుకున్నాను. రెండో రోజు సాయంత్రానికి నుదురు బరువెక్కింది. శ్వాసను గమనించడం పోయి, దాన్ని నేనే లాగి వదులుతున్నానని తెలిసింది. విసుగొచ్చి మూడో రోజు అంతా వదిలేసేసరికి కూర్చున్నచోటే కునుకు పట్టింది.

ఈ అవస్థ కొత్తది కాదు. రాజగృహం దగ్గర శీతవనంలో సోణుడనే భిక్షువు పాదాలు నెత్తురు కారేంతగా చంక్రమణం (అటూ ఇటూ నడుస్తూ చేసే ధ్యానం) చేసి, ఫలితం కనబడక, ఇంటికి తిరిగిపోదామనుకున్నాడట. గృహస్థుగా ఉన్నప్పుడు అతడు వీణ వాయించేవాడు కనుక, తీగలు మరీ బిగిస్తే పలికేదా, మరీ వదులైతే పలికేదా అని బుద్ధుడు అతణ్ణి అడిగాడు. అతిప్రయత్నం చంచలత్వానికీ, మరీ సడలించడం సోమరితనానికీ దారి తీస్తాయని చెప్పాడు. (ఆనాటి వీణ మన సరస్వతీ వీణ కాదు, అమరావతి శిల్పాల్లో కనిపించే, విల్లులా వంగిన, మెట్లు లేని వాద్యం వంటిది. బిగువు సంగతి మాత్రం రెండింటికీ ఒకటే.)

అయితే ఈ కథను "మధ్యస్థంగా ఉండు" అని అర్థం చేసుకుంటే నాకు ఏ ఉపయోగమూ కలగలేదు, ఎందుకంటే ఆ మధ్య ఎక్కడుందో వెతకడం కూడా మరో ప్రయాసే అయింది. యోగసూత్రాల్లో పతంజలి చిత్తం నిలవడానికి చేసే యత్నాన్నే అభ్యాసమన్నాడు; ఆసనం దగ్గరికి వచ్చేసరికి ప్రయత్నశైథిల్యం కావాలన్నాడు. అంటే యత్నం ఎంత అన్నదానికన్నా ఎక్కడ అన్నది ముఖ్యమని నాకు అర్థమైంది. శ్వాసకు నా సాయం అక్కరలేదు, అది నిద్రలోనూ నడుస్తుంది. మనసు ఎటో పోయిందని తెలిసిన క్షణంలో దాన్ని తిరిగి తీసుకురావడం ఒక్కటే నా వంతు పని. బిరడాను కాస్త తిప్పి, చేయి తీసేసి, తీగ మీటి వినడం వంటిదది. చేయి తీయకుండా వాయించడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇప్పుడు నలభై నిమిషాలు కూర్చుని తీరాలన్న పంతం మానేసి, తెల్లవారుజామున పదిహేను నిమిషాలు కూర్చుంటున్నాను. దవడ బిగిసినా, నాలుక అంగిలికి అతుక్కున్నా, భుజాలు చెవులవైపు లేచినా తీగ బిగిసిందని గుర్తు. ఒక నిశ్వాసను పొడవుగా వదిలి వాటిని సడలిస్తాను. మగత కమ్మితే కళ్ళు తెరిచి, వెన్ను నిటారుగా చేసి, పది వరకు శ్వాసలు లెక్కపెడతాను.

వానాకాలపు తేమకు వీణ రాత్రికి రాత్రే శ్రుతి తప్పుతుంది. నిన్నటి బిగువు ఇవాళ పనికిరాదు. నిన్న రెండుసార్లు కళ్ళు తెరవాల్సి వచ్చింది. ఇవాళ కూర్చున్న మూడో నిమిషానికే దవడ బిగిసింది.