రామేశ్వరం: ఇరవై రెండు తీర్థాలు, రెండు సముద్రాలు

కాశీ నుంచి తెచ్చిన గంగ చెంబు సీలు విప్పకుండా మా పూజగదిలో చాలాకాలంగా ఉండిపోయింది. ఆ నీటితో రామనాథస్వామికి అభిషేకం జరిగితే తప్ప కాశీయాత్ర పూర్తికాదన్నది మా అమ్మ పట్టు. ఆ పట్టు మీదనే తిరుపతిలో రైలెక్కాము.

మండపం స్టేషను దాటాక రైలు వేగం తగ్గించుకొని సముద్రం మీదికి వచ్చింది. 1914లో ప్రారంభమైన పాత పాంబన్ వంతెన పక్కన కనిపిస్తుండగా, 2025 ఏప్రిల్‌లో మొదలైన కొత్త వంతెన మీదుగా మేము రామేశ్వరం ద్వీపంలోకి ప్రవేశించాము. పాత వంతెన మధ్యభాగం ఓడ వచ్చినప్పుడు రెండు రెక్కలుగా విడిపోయి లేచేది, కొత్తదానిలో 72.5 మీటర్ల భాగం మొత్తం నిలువుగా పైకి లేస్తుంది. పెట్టెలోని వారందరూ కిటికీల దగ్గరకు చేరడంతో కాసేపు ఎవరి సీటు ఎవరిదో తెలియలేదు.

ఆలయానికి తూర్పున ఉన్న అగ్నితీర్థం పేరుకు సముద్రమే గాని, అలలు లేక చెరువులా నిశ్చలంగా ఉంటుంది. అందులో సంకల్పం చెప్పుకొని మునిగిన తరువాత, ఆ తడిబట్టలతోనే ఆలయంలోని ఇరవై రెండు తీర్థాల స్నానానికి వెళ్ళాలి. వీటిలో చాలావరకు బావులే. మహాలక్ష్మీ తీర్థంతో మొదలై సావిత్రి, గాయత్రి, సరస్వతి తీర్థాల మీదుగా సాగి కోటి తీర్థంతో ముగిసే ఈ వరుసలో నల, నీల, గవయ, గవాక్షుల పేర్లు కూడా వినిపిస్తాయి. సేతువు కట్టిన వానరవీరులను ఒక్కొక్కరినీ పలకరించి వస్తున్నట్టు అనిపించడం నాకు అన్నిటికన్నా నచ్చింది. బావి గట్టు మీద నిలబడిన మనిషి తాడు కట్టిన చిన్న బకెట్టును విసిరి, నీరు నిండిందో లేదో అన్నంతలోనే పైకి లాగి, "తల వంచమ్మా" అంటూ నెత్తిన కుమ్మరిస్తాడు. సముద్రం అంత దగ్గరలో ఉన్నా, నా నోట పడిన నీటిలో ఉప్పదనం లేదు. రాతినేల నిత్యం తడిగా ఉంటుంది కనుక పెద్దవారిని చెయ్యి పట్టుకొని నడిపించడం మంచిది. గర్భాలయ దర్శనానికి మాత్రం పొడిబట్టలు కట్టుకోవాలి.

రావణవధానంతరం శివపూజకు రాముడు సంకల్పించగా, కైలాసం నుంచి లింగం తేవడానికి వెళ్ళిన హనుమంతుడు ముహూర్తానికి రాలేకపోయాడనీ, అప్పుడు సీతమ్మ ఇసుకతో చేసిన లింగమే రామలింగమనీ స్థలపురాణం. ఆలస్యంగా వచ్చి నొచ్చుకున్న హనుమంతుని కోసం, ఆయన తెచ్చిన విశ్వలింగానికే ముందు పూజ జరగాలని రాముడు ఏర్పాటు చేశాడట. మా గంగ చెంబు సీలు అర్చకులు విప్పి అభిషేకం చేస్తున్నంతసేపూ అమ్మ కళ్ళు ఆర్పలేదు. మరునాటి తెల్లవారుజామున స్ఫటికలింగ దర్శనం చేసుకున్నాక, 1,212 స్తంభాలున్న మూడవ ప్రాకారంలో తీరిగ్గా నడిచాము. జనం రాకముందు, దీపాల వెలుగులో మాత్రమే ఆ మండపం పొడవు కంటికి అందుతుంది.

ధనుష్కోటికి వెళ్ళే దారిలో కోదండరామాలయం ఉంది. విభీషణ శరణాగతి జరిగిన చోటుగా దానికి ప్రసిద్ధి. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపాను ధనుష్కోటి ఊరిని ఊడ్చిపెట్టి, పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలును ప్రయాణికులతో సహా సముద్రంలో కలిపేసినా, ఈ ఆలయం మాత్రం నిలిచింది. ఊరి శిథిలాలలో చర్చి గోడ దగ్గర ఆగి చూస్తే, రాళ్ళ నిండా సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. అవి పగడపు రాళ్ళు. ఒకప్పుడు మద్రాసు నుంచి రైలులో ఇక్కడికి వచ్చి, పడవలో అవతలి ఒడ్డున ఉన్న తలైమన్నార్ రేవు చేరి సింహళానికి (శ్రీలంకకు) వెళ్ళేవారంటే ఆ ఇసుకలో నిలబడినవారికి నమ్మబుద్ధి కాదు. రోడ్డు చివరనున్న అరిచల్ మునై వద్ద మేము వెళ్ళిననాడు బంగాళాఖాతం వైపు నీరు నెమ్మదిగా ఉంటే, మన్నారు సింధుశాఖ వైపు కెరటాలు బండరాళ్ళను కొడుతున్నాయి. సేతుస్నానం చేయాలనుకునేవారు అక్కడి ప్రవాహాన్ని తేలికగా తీసుకోకూడదు.

అబ్దుల్ కలాం స్మారకాన్ని త్వరగానే చూసి, తిరుగు ప్రయాణంలో రామనాథపురం వైపు ఉన్న దేవీపట్టణంలో, సముద్రజలాల్లో నిలిచిన నవగ్రహ శిలలనూ, తిరుప్పుల్లాణిలో దర్భశయన రామునీ దర్శించుకున్నాము. సేతుబంధనానికి ముందు రాముడు నవగ్రహాలను పూజించింది, సముద్రుని దారి అడుగుతూ దర్భలపై శయనించింది ఈ రెండు చోట్లనేనని ప్రతీతి. రెండూ ద్వీపానికి ఇవతలే ఉన్నాయి కనుక, కారులో వెళ్ళేవారు వీటిని ముందుగా చూసుకొని తరువాత పాంబన్ దాటితే, కథ జరిగిన వరుసలోనే యాత్ర కూడా సాగుతుంది.