మియాటా రోల్ బార్: హెల్మెట్‌ని గీత కిందికి దించే పని

మాది 1995 మియాటా, అంటే మజ్దా వాళ్ల రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు. రేస్ ట్రాక్ మీద నడపడానికి దానికి రోల్ బార్ (కారు తిరగబడితే తలని కాపాడడానికి సీట్ల వెనక పెట్టే స్టీలు గొట్టం) బిగించడం పోయిన నెలలోనే పూర్తయింది, కానీ అసలు పని ఆ తర్వాతే మొదలైంది. బార్ పైభాగం నుంచి ముందు అద్దం ఫ్రేమ్ మీదికి ఒక తిన్నటి కర్ర ఆనించి, నేను హెల్మెట్ పెట్టుకుని, బెల్ట్ బిగించి, వీపు సీటుకి పూర్తిగా ఆనించి కూర్చుంటే, హెల్మెట్ ఆ కర్రని 22 మిల్లీమీటర్లు పైకి లేపేసింది. కారు తిరగబడితే బరువు పడేది ముఖ్యంగా ఆ రెండు చోట్లే, వాటిని కలిపే గీత కన్నా తల కిందనే ఉండాలి. కాబట్టి బార్ ఉంది గానీ, తలకి మాత్రం రక్షణ లేదన్నమాట.

బార్ కొనకముందే ఈ కొలత తీసుకోవాల్సింది. బార్ ఎత్తు ఎంతో అమ్మేవాళ్లని అడిగి తెలుసుకుని, సీటు వెనక ఒక కర్ర నిలబెట్టి చూసుకున్నా చాలు. మరీ ఎత్తయిన బార్ పెట్టొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. సాఫ్ట్ టాప్ (మడతపెట్టే గుడ్డ కప్పు) మూసుకోవాలంటే బార్ దాని కిందే పట్టాలి, అందుకే ఇంతకన్నా ఎత్తు కుదరదు. ఇక మిగిలింది మనిషిని కిందికి దించడమే.

నా ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. అదే ఎత్తున్న నా ఫ్రెండ్ అదే సీట్లో అదే హెల్మెట్‌తో కూర్చుంటే కర్ర తగలనే లేదు. అతనికి కాళ్లు పొడుగు, నాకు నడుము పైభాగం పొడుగు. అందుకే ఎవరైనా "నేను ఆరడుగులు, నాకు సరిపోతుందా" అని అడిగితే జవాబు చెప్పలేం. నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని నడినెత్తి దాకా కొలవండి, అదే పనికొచ్చే అంకె. నాకు 97 సెంటీమీటర్లు వచ్చింది, అతనికి 93. హెల్మెట్ పైన ఇంకో 38 మిల్లీమీటర్లు కలుపుతుంది.

కొలిచే కర్ర గురించి కూడా ఒక మాట. మొదట ఇంట్లో ఉన్న మాప్ కర్రతో కొలిచాను, తర్వాత చూస్తే దాంట్లోనే 6 మిల్లీమీటర్ల వంపు ఉంది. ఇప్పుడు 6 అడుగుల అల్యూమినియం చదరపు గొట్టం వాడుతున్నాను. మా ఆవిడ ఒక చివర పట్టుకుని, హెల్మెట్ ఎత్తులో పక్క నుంచి ఫోటో తీస్తుంది. కొంచెం వంగి జారి కూర్చుంటే ఎవరైనా పాస్ అయిపోతారు, నేనూ అయ్యాను, కానీ ట్రాక్ మీద పది నిమిషాలు నడిపాక అలా ఎవరూ కూర్చోరు.

మేం వెళ్లేది టెక్సాస్ క్రెస్సన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్ అనే రేస్ ట్రాక్‌కి. నేను అక్కడ ఏ గ్రూప్‌తో కలిసి కారు నడుపుతానో వాళ్లు తల గీత కింద ఉంటే చాలంటారు. నాకు మాత్రం 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు కావాలి. తలకిందులైనప్పుడు బెల్టులు సాగుతాయి, ఒళ్లు సీట్లోంచి పైకి లేస్తుంది. పైగా మియాటా ముందు అద్దం ఫ్రేమ్ రోల్ బార్ లాంటిది కాదు, అది వంగితే మనం గీసుకున్న గీతే కిందికి దిగిపోతుంది.

మొదటి ప్రయత్నం సీటు ఫోమ్ కోయడం. సీటు నాలుగు బోల్టులతో ఊడి వస్తుంది. అడుగున కవర్‌ని పట్టి ఉంచే స్టీలు రింగులు కత్తిరించి, ఫోమ్ బయటికి తీసి, కరెంటు బ్రెడ్ కత్తితో కింది వైపు నుంచి కోశాను (పై వైపు కోస్తే కవర్ ముడతలు పడుతుంది). పిరుదుల ఎముకలు ఆనే చోట మాత్రమే కోయాలి, తొడల కింద ముందు భాగం జోలికి పోకూడదు, బ్రేక్ వేసినప్పుడు ముందుకి జారకుండా ఆపేది అదే. ముందు 20 మిల్లీమీటర్లు తీసి, అన్నీ బిగించి, కూర్చుని కొలిచి, మళ్లీ ఊడదీసి ఇంకో 15 తీశాను. విసుగే, కానీ ఒకసారి కోసిన ఫోమ్ తిరిగి అతకదు. దీంతో హెల్మెట్ గీత కన్నా 13 మిల్లీమీటర్లు కిందికి చేరింది.

మా ఆవిడ 5 అడుగుల 2 అంగుళాలు, కారు తనదీ కూడా. ఆ సీట్లో కూర్చుంటే బానెట్ కనిపించట్లేదంది, అది న్యాయమే. పాత విడిభాగాల యార్డ్‌లో ఇంకో సీటు అడుగుభాగం దొరికింది, తన కోసం దాన్ని అలాగే ఉంచేశాను.

తర్వాత వీపు భాగం వెనక్కి వాల్చి చూశాను. ఇక్కడే బార్ అడ్డం వచ్చింది. బార్ లేనప్పుడు సీటు ఎంత వెనక్కి వెళ్లేదో ఇప్పుడు అంత వెళ్లదు, తల దిండు బార్ ప్యాడింగ్‌ని తాకి ఆగిపోతుంది. సీటు ముందుకి జరిపితే మోకాళ్లు స్టీరింగ్‌కి తగులుతున్నాయి. ఇంత గొడవ పడితే దక్కింది 5 మిల్లీమీటర్లు, మొత్తం 18.

అందుకే బకెట్ సీటుకి వెళ్లాను. సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు లేకుండా బ్రాకెట్లతో నేరుగా ఫ్లోర్‌కి బిగించేది. బ్రాకెట్లు లేకుండా ఊరికే ఫ్లోర్ మీద పెట్టి కూర్చుంటే గీత కింద 55 వచ్చింది, భలే ఆనందమేసింది, కానీ బ్రాకెట్లు పెట్టాక 44కి తగ్గింది. ముందుకీ వెనక్కీ జరగని సీటులో మా ఆవిడకి క్లచ్ అందదు కాబట్టి ఇది ట్రాక్ రోజుల్లోనే, మామూలు రోజుల్లో పాత సీటే.

పాత సీటుతో రోడ్డు మీద హెల్మెట్ లేకుండా నడిపేవాళ్లకి: బార్ మీద వేసే ఎస్‌ఎఫ్‌ఐ 45.1 (రేస్ కార్ల భద్రతా ప్రమాణం) ప్యాడింగ్ గట్టిగా ఉంటుంది, అది హెల్మెట్ ఉన్న తల కోసం చేసింది. వెనక నుంచి ఎవరైనా గుద్దితే ఒట్టి తల బార్‌కి తగలకూడదు. మా ఇద్దరి సీటు స్థానాల్లోనూ తల వెనక ఖాళీ కొలిచి, సీటు అంతకు మించి వెనక్కి వెళ్లకుండా పట్టాకి ఒక ఆపు పెట్టాను.

బార్ బిగింపు గురించి రెండు ముక్కలు. ఈ కారులో పెట్రోల్ ట్యాంక్ సీట్ల వెనక షెల్ఫ్ కిందే ఉంటుంది, డ్రిల్ ఒక్కసారి జారితే ప్రమాదం. డ్రిల్ బిట్‌కి టేపు చుడితే సరిపోదు, 8 మిల్లీమీటర్లే బయటికి కనిపించేలా చెక్కముక్కకి రంధ్రం చేసి బిట్‌కి తొడిగాను. రంధ్రాల అంచులకి పెయింట్ వేయకపోతే తుప్పు పడుతుంది. వెనక ప్లాస్టిక్ కిటికీ ఉన్నవాళ్లు టాప్ దించే ముందు జిప్ తీయాల్సిందే, లేకపోతే బార్‌కి నలిగి పగులుతుంది.

ఇంకా 6 మిల్లీమీటర్లు కావాలి. బ్రాకెట్‌లో కింద ఇంకో వరస రంధ్రాలున్నాయి, కానీ అందులో బిగిస్తే సీటు అంచు టన్నెల్‌కి (రెండు సీట్ల మధ్య ఫ్లోర్‌లో ఎత్తుగా ఉండే భాగం) తగులుతోంది. సీటులోని 10 మిల్లీమీటర్ల మెత్త తీసి పల్చటిది వేస్తే సరిపోవచ్చు. శనివారం పొద్దున్నే, గరాజ్ వేడెక్కకముందే, అది వేసి మళ్లీ కర్ర పెట్టి కొలుస్తాను.